సిబిల్ 591 ఉంది, కారు లోన్ వస్తుందా సార్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు కారు అప్పు గురించే ఉన్నాయి. మూడూ మన సీమ నుంచే, మూడింట్లోనూ చదువు ఈమధ్యే అయిపోయిన పిల్లల సంగతే. అందుకే ఈ వారం పేజీ అంతా దీనికే ఇచ్చేస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. అనంతపురంలో బీటెక్ అయిపోయి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని, కటింగులన్నీ పోను చేతికి 23,500 వస్తుంది. మా నాయన 30 ఏళ్లు వేరేవాళ్ల జీపులు, కార్లే నడిపినాడు, మాకంటూ ఒక్క బండి లేదు. ఆయన్ని సొంత కారులో కూర్చోబెట్టాలని నా ఆశ. షోరూమ్‌లో అడిగితే ఆన్‌రోడ్ 7 లక్షలన్నారు. బ్యాంకుకు పోతే సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా కట్టామో చూసి వేసే మార్కులు) 591 ఉంది, కుదరదన్నారు. షోరూమ్ వాళ్లే ఒక ఫైనాన్స్ కంపెనీని చూపించినారు: 6 లక్షలు ఇస్తాం, 15 శాతం వడ్డీ, 7 ఏళ్లు, నెలకు 11,578 కట్టాలి అంటున్నారు. మిగతా లక్షకు మా అమ్మ గాజులు కుదువ పెట్టాలనుకుంటున్నాం. సిబిల్ ఎందుకు పడిపోయిందంటే, థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్ అడిగితే నా పేరు మీద 19,000 ఫోన్ ఈఎమ్ఐలో తీసిచ్చినాను. వాడు కొన్ని నెలలు కట్టి మానేసినాడు. ఫైనాన్స్ వాళ్లు మా అమ్మకు కూడా ఫోన్లు చేస్తుంటే 7,600 బాకీకి 4,000 కట్టి సెటిల్‌మెంట్ చేసుకున్నా. ఎడ్యుకేషన్ లోన్ కంతులు ఎప్పుడు మొదలయ్యాయో తెలియక రెండు నెలలు కట్టలేదు, ఇప్పుడు నెలకు 4,200 సరిగ్గా కడుతున్నా. ఇంటికి 5,000 పంపిస్తా. బ్యాంకు వద్దన్నాక కోపమొచ్చి ఒకే నెలలో ఆరు యాప్‌లలో అప్లై చేసినా, అన్నీ రిజెక్ట్. శనివారం లోపల సంతకం పెడితేనే ఈ ఆఫర్ అంటున్నారు. పెట్టేయమంటారా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పెట్టొద్దు నాయనా. శనివారం పోనీ.

ముందు నీ ఉత్తరంలో ఉన్న అంకెల్నే ఒక కాగితం మీద వరసగా రాసి చూడు. 23,500లో చదువు అప్పుకు 4,200, ఇంటికి 5,000, కారుకు 11,578. ఇక మిగిలేది 2,722. అందులోనే రూమ్ అద్దె, తిండి, ఫోన్ రీచార్జ్, కారులో పోసే పెట్రోలు, ఏటేటా ఇన్సూరెన్సు, సర్వీసింగు, ఇవి కాక గాజుల మీద తెచ్చిన లక్షకు వడ్డీ. ఇందులో ఏ ఒక్కటీ నువ్వు ఎగ్గొట్టగలిగేది కాదు కాబట్టి మూడో నెలో నాలుగో నెలో కారు కంతు ఆగుతుంది. నేను బ్యాంకులో లోన్ల సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాను, కొత్త బండికి దండేసి ఫొటో స్టేటస్ పెట్టిన పిల్లలే ఆర్నెల్లకు తలవంచుకుని వచ్చి 'సార్, బండి వాళ్లే తీసుకుపోయారు, అయినా ఇంకా బాకీ ఉందంటున్నారు' అని నిలబడితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. అవును, బండి లాక్కుపోయి వేలం వేసినాక వచ్చిన డబ్బు అప్పుకు చాలకపోతే, ఆ తక్కువైనది కూడా నీ దగ్గరే వసూలు చేస్తారు. ఇది చాలామందికి సంతకం పెట్టే రోజున తెలియదు.

ఇంకో లెక్క. 6 లక్షలు, 15 శాతం, 7 ఏళ్లు అంటే మొత్తం కట్టేది 9 లక్షల 72 వేలు పైచిలుకు. అదే లోను, అదే 7 ఏళ్లు, మంచి స్కోరున్నవాడికి 9.5 శాతానికి దొరికిందనుకో, కంతు 9,806 అవుతుంది, మొత్తం 8 లక్షల 24 వేల లోపే. అంటే నీ 591 స్కోరుకు నువ్వు కట్టే ధర దగ్గర దగ్గర లక్షన్నర. ఒక స్నేహితుడి ఫోన్, రెండు నెలల కంతులు, ఆరు యాప్‌లు కలిసి తెచ్చిన నష్టం ఇది. నిన్ను తిట్టాలని చెప్పడం లేదు, ఆ వయసులో స్నేహితుడు అడిగితే ఎవరు కాదంటారు? కానీ దీన్ని సరిచేసుకునే దారి ఉంది, దానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిని ఎలా వాడుకోవాలో చెప్తాను.

మొదట నీ రిపోర్టు నువ్వే తెప్పించుకో. స్కోరు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, పూర్తి రిపోర్టు కావాలి. మన దేశంలో ఎవరు అప్పు ఎలా కట్టారో లెక్కలు రాసి స్కోరు వేసే కంపెనీలు నాలుగు ఉన్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. వాళ్ల సొంత వెబ్‌సైట్లలోనే తీసుకో, ఎవరికీ డబ్బు కట్టొద్దు. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు, అప్పు కోసం అప్లై చేసినప్పుడు ఆ కంపెనీ చూస్తేనే అది ఎంక్వయిరీగా పడుతుంది. నెలలో ఆరు ఎంక్వయిరీలు పడితే 'ఈ పిల్లవాడికి డబ్బు చాలా ఇబ్బందిగా ఉంది' అని ఏడో కంపెనీ అనుకుంటుంది. కాబట్టి ఇవాళ్టి నుంచి ఏ యాప్‌లోనూ, ఏ షోరూమ్‌లోనూ 'ఊరికే ఎలిజిబిలిటీ చూద్దాం సార్' అన్నా పాన్ నంబరు ఇవ్వొద్దు.

రిపోర్టులో ఫోన్ లోను ఎదురుగా 'సెటిల్డ్' అని ఉంటుంది. నీకు అది బాకీ తీరినట్టు అనిపించవచ్చు, అప్పు ఇచ్చేవాడి కళ్లకు మాత్రం అది 'పూర్తిగా కట్టలేదు, మేము వదులుకున్నాం' అన్నట్టు కనపడుతుంది. ఆ ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో అయినా సరే, మిగిలిన 3,600 కట్టేస్తాను, 'క్లోజ్డ్' అని మార్చి బాకీ లేదని లెటర్ ఇవ్వండి అని అడుగు. కట్టే ముందే ఆ మాట వాళ్ల నుంచి రాతలో తీసుకో, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. 2025 జనవరి నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఈ వివరాలను స్కోరు కంపెనీలకు కనీసం 15 రోజులకొకసారి పంపాలి, కాబట్టి మార్పు కనపడటానికి నెలలు ఆగే పని ఉండకూడదు. కనపడకపోతే ఆ ఫైనాన్స్ కంపెనీకీ, సిబిల్‌కీ ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో వాళ్లు పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయలు నీకు చెల్లించాలి, ఇదీ రిజర్వు బ్యాంకు పెట్టిందే. నెల దాటినా కంపెనీ అసలు పలకకపోయినా, ఇచ్చిన జవాబు నీకు సరిపోకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారికి) రాయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెప్తారు.

మీ అమ్మకు ఫోన్లు చేశారని రాశావు, అది చదివి నాకు బాధేసింది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, ఇంట్లోవాళ్లను, స్నేహితులను వేధించకూడదు అని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఇంకోసారి అలా జరిగితే కాల్ రికార్డు పెట్టుకుని ఫిర్యాదులో జత చెయ్యి, అమ్మను మాత్రం ఆ ఫోన్లు ఎత్తొద్దని చెప్పు.

చదువు అప్పు సంగతి. అది నీ పేరు మీద ఇప్పుడు నడుస్తున్న ఒకే ఒక్క అప్పు, నీ స్కోరు లేచేదీ పడేదీ దాని మీదే. ఆ 4,200 జీతం పడిన రెండో రోజే ఖాతాలోంచి తానే వెళ్లిపోయేలా పెట్టుకో. పాత రెండు నెలల ఆలస్యం రిపోర్టులోంచి ఇప్పట్లో చెరిగిపోదు, కానీ దాని తర్వాత వరసగా పన్నెండు, పద్దెనిమిది నెలలు శుభ్రంగా ఉంటే చూసేవాడు ఆ పాత మచ్చ కంటే ఈ వరసనే చూస్తాడు. కట్టడం మొదలెట్టే తేదీ తెలియక తప్పినవాడివి నువ్వొక్కడివే కాదు, చదువు అయ్యాక ఇచ్చే గడువు ముగిసేటప్పుడు బ్యాంకు పంపే మెసేజ్ పాత నంబరుకు వెళ్లిపోతుంది. చదువు అప్పు తీసుకున్న పిల్లలంతా తమ ఫోన్ నంబరు, అడ్రసు బ్యాంకులో మార్చుకున్నారో లేదో ఈ వారమే చూసుకోండి.

చేతిలో 15 వేలో 20 వేలో కూడితే దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు. డిపాజిట్టే హామీ కాబట్టి స్కోరు తక్కువున్నా ఇస్తారు. నెలకు రెండు మూడు వేలే వాడు, పరిమితిలో మూడో వంతు దాటనీయకు, బిల్లు మొత్తం కట్టు. మినిమమ్ డ్యూ (ఇప్పుడు కొంచెమే కట్టి మిగతాది వడ్డీతో తర్వాత కట్టడం) అనే గడి జోలికి పోవద్దు. కార్డు చేతిలో ఉంటే ఖర్చు ఆగదు అనిపిస్తే అసలు తీసుకోకు, చదువు అప్పు వరసగా కట్టడం ఒక్కటే చాలు. 'పదిహేను రోజుల్లో సిబిల్ 750 చేస్తాం' అని పోస్టర్లు అంటించేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకు. రిపోర్టులో తప్పుగా పడ్డదాన్ని ఎవరైనా ఉచితంగా సరిచేయించుకోవచ్చు, నిజంగా జరిగినదాన్ని డబ్బు తీసుకుని ఎవరూ చెరిపేయలేరు.

ఇక మీ నాయన కారు. నీ ఆశ చిన్నది కాదు, దాన్ని వదులుకోమని నేను చెప్పను. 30 ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి ఇంట్లో ఉన్నాడు కదా, కొత్త కారే ఎందుకు? ఇంజన్ శబ్దం విని, క్లచ్ తొక్కి, కింద ఆయిల్ చెమ్మ చూసి బండి పరిస్థితి చెప్పగల మనిషి పక్కన ఉంటే పాత కారు కొనడానికి నీ అంత అనుకూలంగా ఉన్నవాడు ఉండడు. ఊళ్లో చాలామంది పాత కారంటే భయపడేది ఆ జ్ఞానం లేకే.

నా సలహా ఇది. వచ్చే నెల నుంచి నెలనెలా 8,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పో, కారు వచ్చేసినట్టే, కంతు కడుతున్నట్టే అనుకుని కట్టు. ఏడాది ఆగకుండా వేయగలిగితే దగ్గర దగ్గర లక్ష చేతిలో ఉంటుంది, కారు కంతు మోయగలవని నీకే తెలిసిపోతుంది. మధ్యలో రెండు నెలలు ఆగిపోతే కారు కంతూ అక్కడే ఆగేదని తెలుస్తుంది, అదీ మంచిదే, బండి పోకుండా తెలిసింది. ఏడాది తర్వాత 3 లక్షల్లో మంచి బండి చూసుకుని, లక్ష నువ్వు పెట్టి, 2 లక్షలు మూడేళ్లకు తీసుకో. 12 శాతం వడ్డీ అయినా కంతు 6,643. అప్పు అడిగేది ముందు నీ జీతం పడే బ్యాంకులో, ఎందుకంటే నీ జీతం ప్రతి నెలా పడటం వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. ఇంత స్కోరు ఉంటేనే అప్పు ఇవ్వాలి అని రిజర్వు బ్యాంకు ఎక్కడా అంకె పెట్టలేదు, ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే నిర్ణయించుకుంటుంది. కాబట్టి ఒకచోట కాదన్నా అన్నిచోట్లా కాదన్నట్టు కాదు. అయితే ఒకటి తర్వాత ఒకటి అడుగు, అన్నిచోట్లా ఒకేసారి వద్దు.

అనంతపురంలో ఇంకో అలవాటుంది, బెంగళూరు పోయి చౌకగా దొరికిందని కేఏ నంబరు బండి తెచ్చుకోవడం. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ లెక్క కలుపుకున్నాక ధర చూడు. పాత ఏపీ 02 బండో, కొత్త ఏపీ 39 సిరీస్ బండో ఇక్కడే దొరికితే ఆ తిప్పలు లేవు. ఎక్కడ కొన్నా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉందేమో చూడు. ఉంటే అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు సంతకం చేసిన ఫారం 35, ఎన్ఓసీ చేతికొచ్చేదాకా డబ్బు మొత్తం ఇవ్వకు. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకో, చలాన్లు చూసుకో, పేరు మారగానే 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కూడా నీ పేరుకు మార్పించుకో.

షోరూమ్ వాళ్లు మళ్లీ ఫోన్ చేసి రేట్లు పెరిగిపోతాయి అంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. దాని వల్ల ఈ శనివారమే కొనాల్సిన అవసరం నీకేమీ రాలేదు. అమ్మ గాజులు ఇంట్లోనే ఉండనీ.

ప్రశ్న: నమస్కారం. నేను కడపలో హైస్కూలు టీచరును. మా అబ్బాయి డిగ్రీ అయి ఉద్యోగంలో చేరాడు, వాడికి స్కోరు సరిగా లేదని కారు లోనుకు నన్ను షూరిటీ పెట్టమంటున్నారు. 'సార్, మీది పేరుకే సంతకం' అని ఫైనాన్స్ అబ్బాయి అంటున్నాడు. పెట్టకపోతే కొడుకు అలుగుతాడు. రెండేళ్లలో ఇల్లు కట్టుకోవాలని నాకూ ఉంది. – ఒక ఉపాధ్యాయుడు, కడప

జవాబు: సార్, పేరుకే సంతకం అనేది అబద్ధం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే బాధ్యత, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప. అబ్బాయిని అడిగి, వాడు కట్టలేదని తేలాకే మీ దగ్గరికి రావాలనే నియమం లేదు, నేరుగా మీ దగ్గరికే రావచ్చు. ఆ అప్పు మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత మీరు ఇంటి లోనుకు వెళ్తే మేనేజరు ఈ కారు అప్పునూ లెక్కలో వేసి మీకిచ్చేది తగ్గించవచ్చు, అబ్బాయి రెండు కంతులు ఆలస్యం చేస్తే మీ ఇల్లే ఆగిపోవచ్చు.

అందుకని నా మాట, ఇల్లు కట్టే ఆలోచన గట్టిగా ఉంటే పెట్టొద్దు. అబ్బాయితో 'కాదు' అని ఊరుకోకుండా, వాడు బండికి ఎంత ముందు కట్టగలడో అడిగి, కుదిరితే మీరు ఆ ముందు కట్టే డబ్బులో కొంత ఇవ్వండి. మీరిచ్చే 50 వేలు పోతే 50 వేలే పోతాయి, సంతకం పోతే ఎంత పోతుందో ముందు తెలియదు. అయినా మనసొప్పక పెట్టేటట్టయితే రెండు పనులు చేయండి: ఆ లోను ఖాతాకు మెసేజ్‌లు మీ ఫోన్‌కు కూడా వచ్చేలా రాయించండి, కంతు తేదీకి రెండ్రోజుల ముందు వాడి ఖాతాలో డబ్బుందా అని మీరే అడగండి. కొడుకుని నమ్మకపోవడం అనుకోకండి. స్కోరు ఒకసారి పాడయిన పిల్లలకు తేదీ గుర్తు చేసే మనిషి ఒకరు ఉండటం నిజంగా అవసరం.

ప్రశ్న: మేడం/సార్, నేను ఎంఎస్సీ చేసి కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో చెప్తున్నా. నాకు ఎప్పుడూ అప్పు లేదు, కార్డు లేదు. బ్యాంకులో చూస్తే సిబిల్ '-1' అని వచ్చింది. అంటే 591 కన్నా ఘోరమా? పాత కారుకు 3 లక్షలు కావాలి. బ్యాంకు 12 శాతం అంటోంది కానీ ఇంకా ఆలోచిస్తున్నారట. బళ్లారి చౌరస్తా దగ్గర ఒక ఫైనాన్స్ వాళ్లు 10 శాతానికే ఇస్తామంటున్నారు, నాలుగేళ్లు. ఇదే చౌక కదా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, -1 అంటే చెడ్డ స్కోరు కాదు, నీ గురించి లెక్కే లేదని అర్థం. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, నువ్వు ఆ కొలతలోకే ఇంకా రాలేదు. అప్పు చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్లను తిప్పి పంపకూడదని కేంద్ర ప్రభుత్వం 2025లో పార్లమెంటులోనూ చెప్పింది. జీతం స్లిప్పులు, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 (జీతంలో కోసిన పన్ను లెక్క కాగితం) ఉంటే అదీ పట్టుకుని మేనేజరు దగ్గరికే వెళ్లి మాట్లాడు.

ఆ 10 శాతం ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీద రేటా అని అడుగు. ఫ్లాట్ అయితే 3 లక్షలకు ఏడాదికి 30 వేల చొప్పున నాలుగేళ్లకు లక్షా 20 వేల వడ్డీ, నెలకు 8,750. నువ్వు సగం అసలు కట్టేసినా మొదటి రోజు 3 లక్షల మీదే వడ్డీ వేస్తూ పోతారు కాబట్టి నిజానికి అది 17 శాతం దాటిన అప్పు. బ్యాంకు 12 శాతం తగ్గే బాకీ మీద అయితే కంతు 7,900, మొత్తం వడ్డీ 79 వేల చిల్లర. 40 వేలు తేడా.

ఎవరి దగ్గరికి వెళ్లినా కేఎఫ్ఎస్ (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అప్పు ముఖ్య వివరాలన్నీ ఒకచోట రాసిచ్చేది) కాగితం ఇవ్వమను. 2024 అక్టోబరు నుంచి కారు లోన్లతో సహా వ్యక్తులకు కంతుల మీద ఇచ్చే కొత్త అప్పులన్నిటికీ అది తప్పనిసరి, అందులో చార్జీలన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత పడుతుందో ఏపీఆర్ అనే ఒక్క అంకెలో రాసి ఉంటుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఆ అంకెలే చూడు. ముందే కట్టేస్తే ఎంత చార్జీ అనేది కూడా అడుగు, కారు లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవి, వాటికి ఆ చార్జీ ఉండొచ్చు. కాగితం ఇవ్వడానికి ఆ ఫైనాన్స్ వాళ్లు నసిగితే అక్కడ కూర్చోకుండా లేచి వచ్చెయ్యి. బ్యాంకు జవాబుకు ఇంకో పది రోజులు ఆగు.